ఇరవై ఏళ్లుగా కదలని బుల్లెట్: ముందు కిక్కర్ మీద కాలు వేయకండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. నాన్నగారి 1974 మోడల్ బుల్లెట్ 350. 2005లో ఆపేశారు, అప్పటి నుంచి రేకుల షెడ్డులోనే ఉంది. నాన్నగారు పోయాక దాన్ని మళ్లీ నడపాలని మీకు అనిపించింది. కిక్కర్ కిందికి దిగడం లేదు. వచ్చి చూసిన మెకానిక్ "ఇంజన్ మొత్తం విప్పాల్సిందే, బోరింగ్, క్రాంకు, పెయింటు, క్రోమ్ అన్నీ ఒకేసారి చేద్దాం" అన్నారు. బోరింగ్ అంటే పిస్టన్ ఆడే ఇనుప గొట్టాన్ని, అంటే బ్యారెల్‌ను, లోపల చెక్కి సరిచేయడం; క్రాంకు అంటే పిస్టన్ తిప్పే ఇరుసు. బండి ఆయన చేతికి ఇచ్చేయాలా, లేక మీరే మొదలుపెట్టవచ్చా?

ఇప్పుడే ఇవ్వకండి. ఇంజన్ విప్పకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి స్టార్ట్ చేసే ప్రయత్నం మీరే చేయండి. ఇంజన్ తిరిగి, ఆయిల్ పారి, కాసేపు నడిస్తే ఏ భాగం బాగుందో ఏది పాడైందో అదే చెబుతుంది. విప్పేశాక ఆ సాక్ష్యం దొరకదు. బల్ల మీద ముక్కలుగా పరిచిన ఇంజన్‌లో ప్రతి భాగమూ మార్చాల్సినదానిలాగే కనిపిస్తుంది, బిల్లు కూడా అలాగే వస్తుంది. ఆ మెకానిక్ మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. మొత్తం విప్పితే ఆయనకు పని తేలిక, తర్వాత మాట రాదు. ఆ తేలికకు డబ్బు కట్టేది మాత్రం మీరు.

ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఆ ఇంజన్ తీరే. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, ఇనుప బ్యారెల్, తక్కువ కంప్రెషన్. నిదానంగా తిరిగే మొండి ఇంజన్. ఇంగ్లండ్‌లో మాతృసంస్థ రాయల్ ఎన్‌ఫీల్డ్ 1970లో మూతపడినా చెన్నై దగ్గరి తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా దాన్ని తయారుచేస్తూనే వచ్చింది. ఇనుప బ్యారెల్ బుల్లెట్ చిన్నచిన్న మార్పులతో 2000ల చివరి దాకా వచ్చింది కాబట్టి ఇంజన్ సామాన్లకు ఇప్పటికీ లోటు లేదు. పాత బండి అనగానే సామాను దొరకదేమో అన్న భయం వేరే బళ్లకు సరిపోతుంది, దీనికి కాదు.

కిక్కర్ జోలికి ఎందుకు వెళ్లవద్దంటే: పట్టేసిన ఇంజన్ మీద బరువంతా వేసి తొక్కితే ఇంజన్ కదలదు, గేర్ బాక్సులో కిక్కర్ పళ్లు విరుగుతాయి. ఒకవేళ కదిలితే ఇంకా నష్టం. రింగుల దగ్గర గట్టిపడిన తుప్పు బ్యారెల్ పొడవునా గీతలు పెడుతుంది. వాల్వు గైడులో పట్టేసి ఉంటే దాన్ని తెరిచే కడ్డీ, అంటే పుష్‌రాడ్, వంగుతుంది. వచ్చిన చుట్టాలు, పక్కింటి కుర్రాళ్లు "ఒక్క కిక్ కొట్టి చూద్దాం" అంటారు. ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

ముందు స్పార్క్ ప్లగ్ విప్పండి. రాకపోతే చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ చల్లి మర్నాటి దాకా వదిలేయండి, పానా మీద గొట్టం తొడిగి గుంజకండి. ప్లగ్ వచ్చాక టార్చి వేసి లోపలికి చూడండి. పిస్టన్ తల మీద నల్లటి పొడి మసి ఉంటే సంతోషించండి. ఎర్రటి పొడి ఉంటే లోపలికి తేమ వెళ్లింది. అప్పుడూ బెంగ పడాల్సిన పని లేదు, ఓపిక పడితే చాలు. డీజిల్, ఇంజన్ ఆయిల్ సమపాళ్లలో కలిపి ఓ యాభై మిల్లీలీటర్లు ఆ రంధ్రంలో పోసి, ప్లగ్‌ను చేత్తో వదులుగా బిగించి, మూడు నాలుగు రోజులు మరచిపోండి. మధ్యలో కొద్దికొద్దిగా పోస్తూ ఉండండి. కొందరు ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాడే ఏటీఎఫ్ ఆయిల్‌లో ఎసిటోన్ కలిపి పోస్తారు. అది త్వరగా దిగుతుంది, కానీ ఎసిటోన్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. షెడ్డులో దీపం, బీడీ లేకుండా చూసుకోండి.

తర్వాత బండిని పెద్ద స్టాండు మీద వేయండి. ప్లగ్ తీసే ఉండాలి. వెనక చక్రాన్ని చేత్తో కొద్దిగా తిప్పుతూ గేర్ పెడల్‌ను కిందికి నొక్కుకుంటూ పోతే నాలుగో గేర్ పడుతుంది. ఇప్పుడు టైరు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. బలంతో కాదు, ఉయ్యాల ఊపినట్టు, చిన్నచిన్నగా. మొదట గేర్ల వదులు మాత్రమే తెలుస్తుంది. ఊపుతూ ఉంటే ఒక దశలో ఆ వదులు వేలెడు పెరిగినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆపి ఇంకాస్త ఆయిల్ పోసి మర్నాడు మళ్లీ ఊపండి. చాలా బళ్లు ఇలాగే వదులుతాయి. పూర్తిగా తిరిగేటప్పుడు ప్లగ్ రంధ్రం మీద గుడ్డ వేయడం మరవకండి, లోపల ఉన్న డీజిల్ అంతా ముఖం మీదికి చిమ్ముతుంది.

వారం గడిచినా కదలకపోతే నింద పిస్టన్ మీద వేసే ముందు ఎడమవైపు చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి అప్పటికే బోరింగ్ చేయించాలని తేల్చేశారు. ప్లగ్ రంధ్రంలోంచి చూస్తే లోపల శుభ్రంగా ఉంది. ఎడమ వైపు పెద్ద మూత మధ్యలో ఒకే నట్టుతో ఆగుతుంది కదా, ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్ తప్పించి దాన్ని తీస్తే లోపల ఆయిల్‌కు బదులు గోధుమరంగు నీళ్లు. ఇంజన్ నుంచి క్లచ్‌కు బలం చేరవేసే ప్రైమరీ చైన్ తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. చైన్ తీసేయగానే క్రాంకు చేతి పట్టుకే తిరిగింది. కొత్త చైన్, కొత్త ప్యాకింగ్, అంతటితో సరి. బ్యారెల్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

ఇంజన్ తిరగడం మొదలయ్యాక వాల్వులు చూడండి. బ్యారెల్ కుడి పక్కన అడుగున ఒకే నట్టుతో ఉండే చిన్న మూత ఉంటుంది. అది తీస్తే రెండు పుష్‌రాడ్లు కనిపిస్తాయి. చక్రం మెల్లగా తిప్పుతూ వాటినే చూడండి. రెండూ వంతులవారీగా పైకి లేచి కిందికి దిగాలి. ఒకటి లేచి, దిగే సమయంలో కిందికి రాకుండా వదులుగా ఊగుతూ ఉంటే ఆ వాల్వు తెరుచుకున్న చోటే పట్టేసిందని అర్థం. అక్కడితో తిప్పడం ఆపండి. పైన రాకర్ (పుష్‌రాడ్ తోపును వాల్వుకు అందించే చేయి) మూత తీసి వాల్వు కాడ మీద ఆయిల్ చుక్కలు వేసి, చెక్క ముక్క ఆనించి మెల్లగా తట్టితే చాలాసార్లు వదులుతుంది. టాపెట్ సర్దుబాటు, అంటే పుష్‌రాడ్ వదులు సరిచేయడం, ఆ కింది చిన్న మూత దగ్గరే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చిన చోట చేయాలి. పుష్‌రాడ్ రెండు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఈ ఇంజన్‌కు గేజి పెట్టి కొలిచే సందు అక్కర్లేదు.

ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి చక్రం తిప్పితే వేలిని నెట్టేసేంత గాలి రావాలి. రాకపోతే రింగులు పోయాయని ఠక్కున తీర్పు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. బుల్లెట్‌లో ముందు చూడాల్సింది హెడ్ మీద ఉండే డీకంప్రెసర్, కిక్ తేలిక కావడానికి లోపలి గాలిని వదిలే చిన్న వాల్వు. ఏళ్ల తరబడి మసి పట్టి ఆ చిన్న వాల్వు సగం తెరుచుకునే ఉండిపోతుంది, లేదా దాని కేబుల్ తుప్పుతో బిగిసి లాగి పట్టుకుని ఉంటుంది. దాని మూతి దగ్గర సబ్బునీళ్లు వేసి ఇంజన్ తిప్పండి. బుడగలు వస్తే దొంగ దొరికినట్టే. విప్పి, మసి గీకి, కూర్చునే చోట కాస్త గ్రైండింగ్ పేస్టుతో రుద్ది బిగించండి. పిస్టన్, రింగులు కొని సంచిలో పెట్టుకుని వచ్చినవాళ్లను ఈ ఒక్క పనితో తిరిగి పంపించాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఆయిల్. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే బాగున్న ఇంజన్‌ను మొదటి రోజే చంపేది ఇదే.

ఈ ఇంజన్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా ఎక్కడో ఉండదు, క్రాంక్‌కేసులోనే ఒక గది. అక్కడి నుంచి పంపు ఆయిల్‌ను బిగ్ ఎండ్‌కు, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే చోటికి, పంపుతుంది. బండి కదలకుండా ఉంటే ఆ ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా జారి క్రాంకు బరువు చక్రాలు, అంటే ఫ్లైవీళ్లు, తిరిగే గదిలో చేరుతుంది. అంటే ఉండాల్సిన చోట ఖాళీ, ఉండకూడని చోట నిండు. దాని అడుగున ఇరవై ఏళ్ల మడ్డి. పైగా మీరు పోసిన డీజిల్ కూడా అక్కడికే దిగి ఉంటుంది. కాబట్టి ట్యాంకుకూ ఫ్లైవీళ్ల గదికీ ఉన్న డ్రెయిన్ బోల్టులు రెండూ విప్పి మొత్తం కార్చేయండి. కారిన దాన్ని తెల్లటి పళ్లెంలో పట్టి ఎండలో చూడండి. నల్లగా, చిక్కగా ఉంటే మామూలే. పాలు కలిపినట్టు ఉంటే నీళ్లు చేరాయి. మిలమిల మెరిసే రేకులు కనిపిస్తే మాత్రం అక్కడ ఆగండి, ఆ ఇంజన్‌ను విప్పాల్సిందే. అప్పుడు మీ మెకానిక్ మాటే సరైనది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇనుప బ్యారెల్ బుల్లెట్ బిగ్ ఎండ్‌లో రోలర్లు ఉండవు, ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది. ఆయిల్ పొర మీదే అది బతుకుతుంది. కాస్సేపు ఎండితే అరిగిపోతుంది. అందుకని కొత్త ఫిల్టర్ వేసేటప్పుడు ఆ గదిని కూడా ఆయిల్‌తో నింపి మూయండి. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సుమారు రెండు లీటర్లు పడుతుంది, కడ్డీ మీది గీతే ప్రమాణం. ఖరీదైన సింథటిక్ అక్కర్లేదు. తర్వాత ప్లగ్ తీసి ఉంచి కిక్కర్‌ను మెత్తగా, వరుసగా తిప్పుతూ ఉండండి. తిప్పుతూ రాకర్ల దగ్గరికి వెళ్లే సన్న గొట్టం బోల్టును ఒక మర వదులు చేయండి. అక్కడ ఆయిల్ చెమర్చేదాకా ప్లగ్‌కు కరెంటు ఇవ్వవద్దు. ఎంతసేపు తిప్పినా రాకపోతే పంపు చూడాలి, దారి మూసుకుందేమో చూడాలి. ఈ మెట్టు దాటేసి "స్టార్టయ్యాక అదే వస్తుందిలే" అనుకుని కొట్టిన బళ్లు కొన్ని నాకు తెలుసు. ఆ రోజు స్టార్టయ్యాయి, తర్వాత నెలలోపే టకటకమంటూ కనెక్టింగ్ రాడ్ మార్పించుకోవడానికి వచ్చాయి.

కరెంటు సంగతి. పాత వైరింగ్ మీద కొత్త బ్యాటరీ నేరుగా పెట్టకండి. ఎలుకలు కొరికిన చోట, తొడుగు పగిలిన చోట తీగ ఫ్రేముకు ఆని ఉంటే పొగే. బ్యాటరీకీ బండికీ మధ్య ఒక 6 వోల్టుల బల్బును వరుసలో కలపండి. తాళంచెవి తిప్పకుండానే బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉంది, ఒక్కో తీగ విడదీస్తూ వెతకండి. వెలగకపోతే బల్బు తీసి ఫ్యూజు పెట్టి నేరుగా ఇవ్వండి. పాత బ్యాటరీ తీగల్లో ఏది ఫ్రేముకు కలిపి ఉందో చూసి అలాగే పెట్టండి. ఆ తరం బ్రిటిష్ డిజైన్లలో పాజిటివ్‌ను ఎర్త్ చేయడం మామూలే, కాబట్టి కళ్లు మూసుకుని నెగటివ్ కలపకండి.

స్పార్క్ రాకపోవడానికి నూటికి తొంభై పాయింట్లే, అంటే కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చే, కారణం. కుడివైపు మూత తీయండి. పాయింట్ల ముఖాలు బూడిదరంగుగా ఉంటే నాలుగు వందల నంబరు ఎమరీ కాగితం మడిచి రెండు మూడు సార్లు లాగి, తర్వాత తెల్ల కాగితం పెట్టి ఇసుక రేణువులు పోయేలా తుడవండి. సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్ల పలక వెనక, వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులు రెండు ఉంటాయి, వాటి గ్రీజు జిగురుగా మారి కదలవు. చేత్తో తిప్పి వదిలితే స్ప్రింగుతో వెనక్కి రావాలి. రాకపోతే బండి కిక్కుకు వెనక్కి తన్నుతుంది, మోకాలు గుర్తుంచుకుంటుంది. కండెన్సర్ పరీక్షలు పెట్టుకోకుండా కొత్తది వేసేయండి, పెద్ద ఖర్చు కాదు.

టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, పెట్టడానికి పాత పద్ధతే నాకు ఇష్టం. పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకొసకు 0.8 మిల్లీమీటర్ల ముందు నిలపాలి, బరువులు మూసుకుని ఉండాలి. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ పలకను తిప్పితే, పాయింట్లు విడిపోయే క్షణంలో కాగితం జారి బయటికి వస్తుంది. అక్కడ బిగించండి. 6 వోల్టుల బండిలో స్పార్క్ ఇప్పటి బళ్లంత లావుగా కనిపించదు. నీలంగా, తప్పకుండా వస్తే చాలు.

పెట్రోలు విషయంలో ట్యాంకును మొదటిసారికి పూర్తిగా మరచిపోండి. మూత తీస్తే వార్నిష్ వాసన కొడుతుందా? లోపల ఉన్నది పెట్రోలు కాదు, జిగురు. శుభ్రమైన సీసాకు గొట్టం తగిలించి పైన వేలాడదీసి దానితోనే మొదటిసారి స్టార్ట్ చేయండి. ట్యాంకు పని పక్కన జరుగుతూ ఉంటుంది. వెనిగర్ నింపి రెండు మూడు రోజులు ఉంచి, చిన్న గొలుసు ముక్క వేసి కదిపి, కక్కించి, వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండబెట్టండి. వెంటనే అన్నది గట్టిగా పట్టుకోండి, తడిగా ఒక రాత్రి వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. ఆరగానే కాస్త ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి నలువైపులా తిప్పండి. లోపల పూసే రసాయనాల పూత గురించి ఇప్పుడే ఆలోచించకండి. తుప్పు మీద వేసిన పూత ఒకనాడు పొరలుగా ఊడి కార్బొరేటర్‌లోకి వస్తుంది.

మన దగ్గర బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్. మీ బండి పుట్టినప్పుడు ఇది లేదు. పాత రబ్బరు గొట్టాలను, కార్కు బిరడాలను ఇది మెత్తబరుస్తుంది, ఉబ్బిస్తుంది. గాలిలో తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు ట్యాప్, గొట్టాలు, కార్బొరేటర్ అడుగున ఉండే ఫ్లోటు గిన్నె ప్యాకింగ్ కొత్తవి వేయండి. బండిని నెల రోజులు కదపకుండా ఉంచాల్సి వస్తే ట్యాప్ కట్టేసి గిన్నె ఖాళీ చేయండి.

కార్బొరేటర్‌లో పెద్ద జెట్ కంటే, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ మీద దృష్టి పెట్టండి. దాని రంధ్రం వెంట్రుకంత, మూసుకునేది అదే. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక్క సన్నని రాగి పోగుతో తోయండి. ఉక్కు సూదితో కాదు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. వెలుతురు వైపు పెట్టి చూస్తే గుండ్రని చుక్క కనిపించాలి. గాలి వచ్చే దారి, సైలెన్సర్ లోపల కూడా టార్చి వేయండి. మట్టిగూడు కట్టే కందిరీగలకు, ఎలుకలకు ఈ రెండు చోట్లూ చాలా ఇష్టం.

ఇప్పుడు కిక్. దీనికి ఒక పద్ధతి ఉంది, నాన్నగారికి తెలిసే ఉంటుంది. తాళంచెవి తిప్పి హెడ్‌లైటు పైన ఉన్న యాంపియర్ మీటరు ముల్లును చూస్తూ కిక్కర్‌ను మెల్లగా నొక్కండి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కాలికి కంప్రెషన్ బరువు తగిలి, ముల్లు మధ్యకు వచ్చి ఆగుతుంది. అక్కడ డీకంప్రెసర్ లివర్ నొక్కి కిక్కర్‌ను కొద్దిగా, అంగుళం పాటు దాటించండి. లివర్ వదిలేయండి, కిక్కర్‌ను మళ్లీ పైకి రానివ్వండి. అప్పుడు తొందర లేకుండా, కాలు చివరిదాకా వెంట వెళ్లేలా ఒక నిండు తోపు. యాక్సిలరేటర్ తిప్పకండి. బలం ఉన్నవాళ్లు పది కిక్కుల్లో చేయలేనిది పద్ధతి తెలిసిన సన్నపాటి మనిషి ఒక్కదానితో చేయడం ఈ బండి దగ్గర మామూలే.

స్టార్టయితే తెల్లగా, నీలంగా పొగ కమ్ముకుంటుంది. బోరులో పోసిన ఆయిల్ కాలేదాకా అంతే, భయపడకండి. రేజ్ చేయకుండా రెండు మూడు నిమిషాలు నడిపి, రాకర్ గొట్టం దగ్గర ఆయిల్ మళ్లీ చూసి, ఆపండి. చల్లారాక మళ్లీ. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే రింగులో వాల్వు గైడులో అరిగాయి, అది తీరిగ్గా చేయించుకునే పని. కింది నుంచి లోతైన దెబ్బల శబ్దం, యాక్సిలరేటర్ తిప్పితే పెరిగేది, వస్తే వెంటనే ఆపేయండి. అది బిగ్ ఎండ్. పై నుంచి వచ్చే సన్నని టిక్కుటిక్కు టాపెట్ల మాట, దానికి కంగారు అక్కర్లేదు.

క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉంటాయి. లివర్‌ను హ్యాండిల్‌కు తాడుతో కట్టి రాత్రంతా ఉంచి, ఉదయం ఇంజన్ ఆపి ఉండగానే ఆ లివర్ అలాగే ఉంచి కిక్కర్ తిప్పితే చాలావరకు విడిపోతాయి. లేదంటే ప్లేట్లు తీసి కడగాలి.

ఇంజన్ పలికిన ఆనందంలో బండి ఎక్కి వీధి చివరిదాకా వెళ్లాలనిపిస్తుంది. బ్రేకులు విప్పి చూడకుండా వెళ్లవద్దు. పాత బ్రేక్ షూల మీద లైనర్ జిగురు ఎండిపోయి ఉంటుంది. నాకు తెలిసిన ఒకరి బండిలో ముందు బ్రేక్ మొదటిసారి పట్టగానే లైనర్ షూ నుంచి ఊడి డ్రమ్ముకూ షూకూ మధ్య ఇరుక్కుంది, చక్రం అక్కడికక్కడే బిగుసుకుంది. మెల్లగా వెళుతున్నారు కాబట్టి చేయి బెణికి బయటపడ్డారు. లైనర్లు కొత్తవి, కేబుళ్లన్నీ కొత్తవి. టైర్లు, ట్యూబులు చూడడానికి ఎంత బాగున్నా కొత్తవే. స్పోకుల్లో తుప్పు పట్టి సన్నబడినవి మార్చండి. హబ్ బేరింగులు, హ్యాండిల్ మెడలోని గుళ్లు కడిగి గ్రీజు పెట్టండి. నిజం చెప్పాలంటే మొదటి విడత డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

పెయింటు, క్రోమ్ చివరికి. మీ ట్యాంకు మీది బంగారు గీతలు ఫ్యాక్టరీలో చేత్తో కుంచెతో గీసినవి. అవి సగం మిగిలి ఉన్నా నేనైతే ముట్టుకోను. తడిగుడ్డ, కాస్త పాలిష్, అంతే. ఇంకో మాట, తీసిన ప్రతి బోల్టునూ డబ్బాలో దాచండి. ఈ బండి మరలు పాత బ్రిటిష్ కొలతలవి. ఇప్పటి మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా ఎక్కిస్తే కేసులోని మర పోతుంది, అది వెల్డింగ్, లేత్ దాకా వెళ్లే కథ.

కాగితాలు ఇంజన్ పనితో పాటే మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు పునరుద్ధరణ. దరఖాస్తు ఫారం 25. యజమాని చనిపోయారు కాబట్టి పేరు మార్పుకు ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసుల పత్రాలు కావాలి. ఫ్రేము మెడ దగ్గరి చాసిస్ నంబరునూ ఇంజన్ నంబరునూ ఆర్‌సీతో పోల్చి చూడండి. మధ్యలో ఎవరైనా క్రాంక్‌కేసు మార్చి ఉంటే తనిఖీలో అక్కడే ఆగిపోతుంది. నంబర్ల మీద ఎమరీ కాగితం అస్సలు పెట్టకండి, మెత్తటి గుడ్డతో డీజిల్ అద్ది తుడవండి.

50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల గురించి ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరు పలక మీద వీఏ అక్షరాలు వస్తాయి. వినడానికి బాగుంటుంది, కానీ అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, వాటికి సంబంధించిన రాకపోకలు, అంతవరకే. ఛాసిస్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు కూడా. మీరు ఆదివారాలు ఊరికి వెళ్లి రావాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవడమే మేలు. రుసుములు, ఆలస్యపు జరిమానాలు మారుతూ ఉంటాయి, ఆ రోజు లెక్క రవాణా కార్యాలయంలోనే అడగండి. థర్డ్ పార్టీ బీమా లేకుండా మాత్రం పరీక్షకైనా రోడ్డెక్కవద్దు.

ఇప్పటికి మీరు చేయాల్సింది ప్లగ్ విప్పి లోపలికి టార్చి వేయడమే. పిస్టన్ తల మీద నల్లగా ఉందా ఎర్రగా ఉందా, బ్యారెల్ గోడ కనిపించినంత మేర గీత ఏమైనా ఉందా చెప్పండి. ఆయిల్ పోశాక చక్రం ఎంత కదిలిందో కూడా రాయండి. బోరింగ్ గురించి అప్పుడు మాట్లాడదాం.